వసంతంలో ముంజలు కలిపిన నేరం

రాష్ట్ర గోనెసంచుల అభివృద్ధి సంస్థలో నేను సూపరింటెండెంటుని. గోనెసంచిని ఇంకా ఏం అభివృద్ధి చేస్తారయ్యా అని బంధువులు పెళ్ళిళ్ళలో పట్టుకుని అడుగుతుంటారు. నాకూ తెలీదు, ఒట్టు. నెల తిరిగేసరికి జీతం పడుతోంది, నేను అడగలేదు. ఎవరి జోలికీ వెళ్ళనివాణ్ణి, ఏ గొడవలోనూ వేలు పెట్టనివాణ్ణి. అలాంటి నేను ఫోను మీద ఒక్క వేలు తప్పుగా పెట్టి, సంస్థ మొత్తాన్ని గోతిలోకి దించాను.

అసలు సంగతి తెలియాలంటే మా ఆవిడ సంగతి తెలియాలి. హైమ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. వారమంతా నైట్ డ్యూటీ. నేను ఆఫీసు నుంచి భవానీపురంలో ఇంటి మెట్లెక్కుతుంటే ఆవిడ దిగుతుంటుంది. "కూర ఫ్రిజ్జులో పెట్టాను" అంటుంది. "బీపీ బిళ్ళ వేసుకోండి" అంటుంది. "సరే" అంటాను. ఇదీ మా సంసారం. ఎవరూ ఒప్పుకోని నైట్ డ్యూటీలన్నీ నెత్తినేసుకుని, మెట్రన్ గడ్డం పట్టుకుని బతిమాలి, దానికి బదులుగా శుక్రవారం పొద్దున్నుంచి ఆదివారం రాత్రి దాకా సెలవు సంపాదించుకుంది. మా ఆఫీసుకి కూడా వారానికి అయిదు రోజులే పని. కాబట్టి వారంలో మేం మొగుడూ పెళ్ళాలుగా ఉండేది ఆ శని, ఆదివారాలే.

ఆ రెండు రోజుల్నీ శుక్రవారం సాయంత్రం బాల్కనీలో మొదలుపెడతాం. కాలాన్ని బట్టి ఏది దొరికితే అది. నిమ్మకాయో, పుచ్చకాయో, ఎండలు ముదిరాక ముంజలో. చితక్కొట్టి, చిటికెడు ఉప్పేసి, కాసింత జిన్ను పోసి, ఐసు వేసుకుని, రెండు కుర్చీల్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటాం. ఆ చైత్రమాసం శుక్రవారం కూడా అంతే. ఐసు తేవడానికి హైమ కిందికెళ్ళింది. నేను రెండు గ్లాసుల్లో ముంజల రసం కలిపి, ఫోటో తీసి, "తొందరగా రా. నీకోసం ఇద్దరం ఎదురు చూస్తున్నాం. నేనూ, వారాంతమూ" అని రాసి పంపాను. అది హైమకి వెళ్ళలేదు. సంస్థ అధికారిక వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళింది.

చూసుకునేసరికి అందరూ చూసేశారు. ప్రభుత్వోద్యోగి, గ్లాసుల పక్కనే జిన్ను సీసా, పైగా శుక్రవారం. నా పని అయిపోయిందనుకున్నాను. ఆ రెండు రోజులూ హైమ ఎంత ధైర్యం చెప్పినా నాకు ముద్ద దిగలేదు.

సోమవారం పిలుపు రానే వచ్చింది. మా మేనేజింగ్ డైరెక్టరు సర్వోత్తమరావు గారు అంతకు ముందు వారమే ఉద్యోగుల ఆనందం మీద విదేశంలో ఏదో శిక్షణ పొంది వచ్చారు. ఆ శిక్షణ ఇంకా ఆయన ఒంట్లోంచి దిగలేదు. లోపలికెళ్ళేసరికి నా ఫోటో ఆయన బల్ల మీద రంగుల్లో ప్రింటై ఉంది.

"గోవర్ధనం గారూ," అన్నారు లేచి నిలబడి. ఆయన నన్ను 'గారూ' అనడం అదే మొదలు. "ప్రభుత్వం మనకు వారాంతమును మంజూరు చేసియున్నది. అయితే సదరు వారాంతమును ఉద్యోగి సక్రమముగా స్వీకరించుచున్నాడా లేదా అను విషయమై నేటివరకు ఎట్టి యంత్రాంగమూ లేదు. అది వస్తోంది, పోతోంది. పలకరించే దిక్కు లేదు! అలాంటి సమయంలో మీరు దారి చూపారు."

"సార్, అది పొరపాటున..."

"గొప్ప పథకాలన్నీ పొరపాటునే పుడతాయి," అన్నారాయన. నిజానికి ఆయన అన్నవాటిలో నాకు ఇప్పటికీ తప్పు పట్టలేని మాట అదొక్కటే.

బుధవారానికి ఉత్తర్వు వచ్చింది. 'గృహ ఋతుపానీయ వారాంత స్వాగత పథకం'. ప్రతి ఉద్యోగీ ప్రతి శుక్రవారం సాయంత్రం తన ఇంట్లో, ఋతువుకు అనుగుణమైన కాక్‌టెయిలు స్వహస్తాలతో కలిపి వారాంతాన్ని స్వాగతించవలెను. కుటుంబ సభ్యులు విధిగా పాల్గొనవలెను. వారి ముఖములందు ఆనందము స్పష్టముగా గోచరించవలెను. నన్ను పథకానికి మూలపురుషుడని రాశారు. మా వంశంలో మూలపురుషుడనిపించుకున్నవాడు ఇంతకుముందు ఎవరూ లేరు.

మొదటి చిక్కు అలివేలు గారి దగ్గర వచ్చింది. ఆవిడ మా సెక్షన్లో సీనియర్ అసిస్టెంటు. శుక్రవారం ఒక్కపొద్దు, అమ్మవారికి కుంకుమ పూజ. "నా నోరు పాడుగాను, శుక్రవారం పూట కాక్‌టెయిలేంటి గోవర్ధనం గారూ! మీ సరదాకి మా కొంపల మీదికి తెచ్చారే!" అని నా మీద విరుచుకుపడి, జనరల్ మేనేజరు ఫణీంద్రం గారి దగ్గరికి వెళ్ళింది. సంక్షేమం ఆయన శాఖ. ఉద్యోగి చచ్చిపోయినా సరే, సరైన నమూనాలో చావాలనే మనిషి.

"అమ్మా, మద్యం ఐచ్ఛికం. మిశ్రమం తప్పనిసరి," అన్నారాయన. "రెండు గానీ అంతకు మించి గానీ ద్రవ్యములు కలిసిన యెడల ప్రభుత్వానికి అభ్యంతరం లేదు."

అలివేలు గారు తెలివైంది. నీళ్ళలో తులసి, పచ్చకర్పూరం, ఏలక్కాయ వేసి, "ఇదిగో, కలిపాను" అని ఫోటో పెట్టింది. తీర్థం! నేను లోపల్లోపల చప్పట్లు కొట్టాను. సోమవారమే తిరస్కరించారు. "సదరు పానీయము సంవత్సరము పొడుగునా ఒకే విధముగా నుండుటచేత, ఋతు లక్షణము కానరానందున, వారాంతము దీనిని తనకొరకు ప్రత్యేకించినదిగా భావించజాలదు."

దాంతో అసలు ప్రశ్న లేచింది. ఇప్పుడు ఏ ఋతువు?

బయట చూస్తే రోడ్డు మీద తారు కరుగుతోంది. బ్యారేజీ మీద నడిస్తే చెప్పులు అతుక్కుంటున్నాయి. కాని కిటికీలోంచి చూసి ఋతువుని నిర్ణయిస్తే ఆఫీసు ఎందుకు? సర్వోత్తమరావు గారి అధ్యక్షతన ఋతు నిర్ధారణ కమిటీ వేశారు. కమిటీ పంచాంగం తెప్పించింది. చైత్ర, వైశాఖాలు వసంతం. జ్యేష్ఠం వస్తే గాని గ్రీష్మం రాదు. కాబట్టి ప్రస్తుతం వసంతం. కోకిలలు కూస్తున్నట్టు, మందమారుతం వీస్తున్నట్టు తీర్మానించారు. ఆ తీర్మానం రాస్తుంటే కమిటీ గదిలో ఏసీ ఆగిపోయి ఒక డిప్యూటీ మేనేజరుకి వడదెబ్బ తగిలింది. ఆయన్ని ఆసుపత్రికి పంపిస్తూ కాగితం మీద 'వసంతకాలపు అలసట' అని రాశారు.

వసంతానికి తగ్గ ద్రవ్యాలేమిటి? వేపపువ్వు, మామిడి పిందె, కొత్త చింతపండు, కొత్త బెల్లం. మీకు అర్థమైపోయుంటుంది. ఉగాది పచ్చడి! దాన్ని నీళ్ళగా చేసి జిన్ను పోసి ఐసు వేస్తే అదే సంస్థ ఆమోదించిన వసంత కాక్‌టెయిలు. తాగి చూడండి, పగవాడికి కూడా వద్దు. నాలుక మీద వేపపువ్వు, గొంతులో జిన్ను, పళ్ళ మధ్య మామిడి ముక్క. జ్యేష్ఠం వచ్చేదాకా ముంజలు, పుచ్చకాయలు, చెరుకురసం నిషిద్ధం. వాటికి ఋతు ధిక్కారం అని పేరు పెట్టారు, శిక్ష సస్పెన్షన్. అంటే ఏ గ్లాసు చూసి ముచ్చటపడి పథకం పెట్టారో, ఆ గ్లాసే ఇప్పుడు నేరం.

ఇంతవరకైతే ఏదో నవ్వుకుంటూ భరించేవాళ్ళం. కాని స్వాగతం జరిగిందో లేదో తేల్చాలి కదా! ఫణీంద్రం గారి నాయకత్వాన పర్యవేక్షక బృందం శుక్రవారం సాయంత్రాలు ఇంటింటికీ రావడం మొదలుపెట్టింది. ఫోటోలు నమ్మకూడదట, రుచి చూడాలట. మా ఇల్లు వాళ్ళ దారిలో చివరిది. మా దగ్గరికొచ్చేసరికి ఫణీంద్రం గారు గోడ పట్టుకుని నడుస్తుండేవారు.

"సదరు... సదరు గృహమునందు... సదరు గృహిణి ఎవరమ్మా?" అన్నారు మొదటిసారి వచ్చినప్పుడు.

"నేనేనండీ," అంది హైమ.

"ముఖమునందు ఆనందము... గోచరించడం లేదు."

హైమ నా వంక చూసింది. నవ్వమన్నట్టు దణ్ణం పెట్టాను. నవ్వింది. వాళ్ళు ఆ నవ్వుని ఫోటో తీసుకుని, మా రెండు కుర్చీల్లో కూర్చుని, మా రెండు గ్లాసులూ తాగి, రుచి నియమానుసారం ఉన్నదని చెప్పి వెళ్ళారు. మేం గోడకానుకుని నిలబడ్డాం.

"పోన్లే, శని ఆదివారాలున్నాయిగా," అంది.

అవీ లేవని శనివారం పొద్దున్నే తెలిసింది. శుక్రవారం స్వాగతాల మీద నివేదికలు వేడివేడిగా శనివారమే తయారుకావాలట. ఆదివారం సమీక్ష. వారాంతం అయిపోయాక వారాంత స్వాగతాన్ని సమీక్షిస్తే ఏం లాభం అన్నారు. అందరూ రెండు రోజులూ ఆఫీసుకి రావాలి. మూలపురుషుణ్ణి గనక నేను మరీ ముందు రావాలి. నేను పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక వస్తున్నాను. ఆదివారం నేను మెట్లెక్కుతుంటే హైమ డ్యూటీకి దిగుతోంది. "కూర ఫ్రిజ్జులో పెట్టాను" అంది. అంతే. ఆ మాట విన్నాక నాకు ఏడుపొచ్చింది, నిజం చెబుతున్నాను.

మర్నాడు సర్వోత్తమరావు గారిని కలిశాను. "సార్, మా ఆవిడకి ఈ రెండు రోజులే సెలవు. వారమంతా మేం ఎదురుపడేది మెట్ల మీదే. నన్ను సమీక్ష నుంచి వదిలెయ్యండి సార్. మూలపురుషుడు నాకొద్దు, ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి."

ఆయన చాలా ఓపిగ్గా విన్నారు. "మీ బాధ నాకు అర్థమైంది గోవర్ధనం గారూ. కాని ఈ పథకం పరిధి స్వాగతం వరకే. వచ్చిన వారాంతాన్ని లోపల కూర్చోబెట్టాలా, గుమ్మంలోంచే పంపెయ్యాలా అన్నది ఇందులో లేదు. పైగా సచివాలయంలో మన పథకాన్ని ఆదర్శ పథకం అన్నారు. ఇప్పుడు వెనక్కి తగ్గితే నన్ను అడుగుతారు."

ఇలా వారాలు గడిచాయి. వైశాఖం సగానికొచ్చింది. హైమ మొదట విసుక్కుంది, తరవాత పోట్లాడింది, తరవాత మాట్లాడ్డం మానేసింది. ఆ మూడోది అన్నిటికన్నా ఘోరం. ఒక శుక్రవారం పొద్దున అన్నం పెడుతూ, "మెట్రన్ అడుగుతోంది. శని ఆదివారాలు నేను చేస్తానంటే డబుల్ ఇస్తారట. ఒప్పేసుకోనా? ఇంట్లో ఎవరున్నారు గనక?" అంది. కోపంగా అంటే బాగుండేది. మామూలుగా అంది.

"జ్యేష్ఠం వచ్చేదాకా ఆగు హైమా," అన్నాను.

"జ్యేష్ఠం వస్తే ఏం మారుతుందండీ? వేపపువ్వు పోయి ముంజకాయ వస్తుంది. మీరు రారు."

ఆ సాయంత్రం నేను ఉత్తర్వు ప్రకారం మామిడి పిందె తరుగుతున్నాను. హైమ వచ్చి ఆ గిన్నె తీసి సింకులో వంపేసింది. సంచీలోంచి లేత ముంజలు తీసింది. "హైమా, ఏం చేస్తున్నావ్? వాళ్ళొచ్చే టైమైంది!" అన్నాను. "ఎండకి పిట్టలు రాలిపోతుంటే వసంతమేంటండీ, వాళ్ళ మొహం!" అంటూ చితక్కొట్టి, ఉప్పేసి, జిన్ను పోసి, గ్లాసు పట్టుకుని బాల్కనీలో తన కుర్చీలో కూర్చుంది. రెండో కుర్చీలో కాళ్ళు పెట్టుకుంది.

ఫణీంద్రం గారు వచ్చారు. గ్లాసు చూశారు. ఆయన మత్తంతా దిగిపోయింది.

"ముంజ!" అన్నారు, పాముని చూసినట్టు. "వైశాఖ బహుళంలో ముంజ!"

"అవును. తాగుతారా?" అంది హైమ.

"అమ్మా, ఇది ఋతు ధిక్కారం. పైగా మూలపురుషుడి ఇంట్లో!"

"మూలపురుషుణ్ణి మీరే ఉంచుకోండి. నాకు మామూలు పురుషుడు చాలు. శనివారం ఇంట్లో ఉండేవాడు."

నేను ఆయన కాళ్ళ మీద పడబోయాను, ఆయన ఒక అడుగు వెనక్కేశారు. సస్పెన్షన్ ఉత్తర్వు ఆ సాయంత్రమే ఫోనులో వచ్చింది. నా ఇరవై ఆరేళ్ళ సర్వీసులో మచ్చ లేదు. జీతం సగం అవుతుంది, నలుగురిలో తలెత్తుకోలేను అని తల పట్టుకు కూర్చున్నాను. హైమ రెండో కుర్చీలోంచి కాళ్ళు తీసేసింది.

శనివారం పొద్దున అలవాటు కొద్దీ లేచి చొక్కా వేసుకున్నాను. బొత్తాలు పెట్టుకుంటుంటే గుర్తొచ్చింది, వెళ్ళడానికి ఎక్కడా లేదు. ఫోను మోగలేదు. గ్రూపులోంచి నన్ను తీసేశారు. వంటింట్లోంచి పెసరట్టు వాసన. హైమ ఎదురుగా కూర్చుని అల్లప్పచ్చడి వడ్డిస్తూ, పక్క వార్డులో ఒక ముసలాయన ఇంజెక్షనుకి భయపడి మంచం కింద దాక్కున్న కథ చెప్పింది. మధ్యాహ్నం పడుకున్నాం. సాయంత్రం ఏటి ఒడ్డుకెళ్ళాం. ఆదివారం కూడా ఆవిడ డ్యూటీకెళ్ళేదాకా ఒక్కడు కూడా పిలవలేదు. సస్పెన్షన్‌లో ఊరు విడిచి వెళ్ళకూడదని నిబంధన ఉంది. నాకు గుమ్మం విడిచి వెళ్ళాలని కూడా లేదు.

"జీతం సగం, మొగుడు పూర్తిగా. నష్టమేం లేదు," అంది హైమ చెప్పులేసుకుంటూ.

ఇలాంటివి దాచాలనుకున్నా దాగవు. మంగళవారం కూరగాయల మార్కెట్లో అలివేలు గారు నన్ను చూసింది. "మొహం కళకళ్ళాడిపోతోందేంటండీ? సస్పెండైన మొహమేనా ఇది?" అని నిలదీసింది. చెప్పేశాను. ఆవిడ చాలాసేపు కాకరకాయలు ఏరుతూ ఉండిపోయింది.

ఆ శుక్రవారం ఆవిడ ఇంటికి పర్యవేక్షక బృందం వెళ్ళేసరికి, నిరుడు ఎండబెట్టిన రేగువడియాలు నానబెట్టి రసం తీసి, గుమ్మంలోనే గ్లాసు పట్టుకుని నిలబడి ఉందట. శిశిరంలో తినే రేగుపండు, వసంతంలో! అక్కడికక్కడే సస్పెండ్ చేశారు. ఆవిడ అమ్మవారికి కొబ్బరికాయ కొట్టింది.

ఇంక చెప్పేదేముంది? ఒకడు జామకాయ కలిపాడు. ఒకడు చెరుకురసం బిందెతో తెచ్చి వీధిలో పంచాడు. టైపిస్టులు, డ్రైవర్లు, అకౌంట్స్ సెక్షన్ మొత్తం ముంజలు కొనడంతో భవానీపురంలో ముంజల ధర పెరిగింది. చివరికి ఫణీంద్రం గారి ఇంట్లోనే పుచ్చకాయ దొరికిందట. తన మీద తనే నివేదిక రాసుకుని, నమూనా తప్పకుండా సంతకం పెట్టి, భార్యాపిల్లల్ని తీసుకుని సినిమాకి వెళ్ళిపోయారు.

తరవాతి శనివారం మధ్యాహ్నం మా తలుపు చప్పుడైంది. హైమ తీసింది. సర్వోత్తమరావు గారు! కారు లేదు, డ్రైవరు సస్పెన్షన్‌లో ఉన్నాడు. ఆటోలో వచ్చినట్టున్నారు, చొక్కా తడిసిపోయింది. నేను కంగారుగా లేచి నిలబడ్డాను.

"కూర్చోండి గోవర్ధనం," అన్నారు. 'గారూ' పోయింది, దాంతోపాటు గొంతూ పోయింది. హైమ చల్లటి మజ్జిగ ఇచ్చింది. ఆయన గ్లాసు పట్టుకుని, ముందు అనుమానంగా చూసి, తరవాత గటగటా తాగేశారు.

"మా ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసిందయ్యా. నిన్న సాయంత్రం వేపపువ్వు గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడితే, మీరెవరండీ అంది. మీరంతా హాయిగా ఇళ్ళల్లో ఉన్నారు. నాకో ఉపాయం చెప్పు."

"మీరూ ముంజలు కలపండి సార్," అన్నాను.

"కలిపానయ్యా! ముంజలు కలిపాను. కమిటీకి అధ్యక్షుణ్ణి కదా, వైశాఖంలో ముంజలకు వసంత లక్షణాలున్నట్టు తీర్మానమైపోయింది. ఊరగాయ జాడీలోంచి కార్తీకమాసపు ఉసిరికాయ తీసి కలిపాను. దాన్నీ వసంతంలోకి చేర్చేశారు. నేనేం కలిపితే అదే ఋతువవుతోందయ్యా! నన్ను సస్పెండ్ చేసేవాడెవడు?"

"పోనీ పథకం ఆపెయ్యండి సార్," అన్నాను. ఆయన తలడ్డంగా ఊపారు. సచివాలయం వాళ్ళు వచ్చే నెల చూడ్డానికి వస్తున్నారట, మిగతా సంస్థలన్నిట్లో కూడా పెడతారట. నన్ను వెనక్కి తీసుకోవాలన్నా, ఆ ఫైలు కదిపే గుమాస్తాలు కూడా సస్పెన్షన్‌లోనే ఉన్నారట.

ఆయన బాల్కనీ వైపు తిరిగి కుర్చీలో వెనక్కి వాలారు. లేచే సూచనలు లేవు. హైమ గడియారం చూసి, మెల్లగా దగ్గరికి వచ్చింది.

"ఏమీ అనుకోకండి సార్. భోంచేసి వెళ్తానంటే వడ్డిస్తాను. సాయంత్రం దాకా మాత్రం ఉండకండి. రేపు రాత్రికి నాకు డ్యూటీ ఉంది. ఈలోపల మాకున్నది ఇంతే."

"అవునమ్మా, అవును," అంటూ ఆయన గబుక్కున లేచారు. "నాకూ టైమైంది. ఆఫీసులో నివేదికలున్నాయి, రేపు సమీక్ష."

"ఎవరున్నారు సార్ సమీక్షకి?" అన్నాను.

"నేనున్నానుగా," అన్నారు.

మెట్ల దాకా వెళ్ళి సాగనంపాను. ఇంటికెళ్ళి మీ ఆవిడతో మాట్లాడండి సార్ అని చెప్పాను కూడా. తలూపారు. పైకొచ్చి బాల్కనీలోంచి చూస్తే, ఆటోవాడు ఎటు పోవాలని అడుగుతున్నాడు. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, ఆఫీసు వైపు చెయ్యి చూపించారు.